వడ్డించిన చేతికి సంభావన

యాత్రకు బయలుదేరు గృహస్థుడు ముందుగా ఒక పద్దు వ్రాసికొనును. బండి చార్జీలు, బసకు అగు వ్యయము, హుండీలో వేయవలసిన ముడుపు, అర్చకస్వాములకు సంభావన, ఇరుగుపొరుగులకు పంచవలసిన ప్రసాదము, పిల్లలకు బొమ్మలు, ఇవన్నియు ఆ పద్దులో నుండును. దారిలో భోజనములకని ఒక మొత్తమును కూడ వ్రాయును. కాని ఆ భోజనమును తెచ్చి విస్తరిలో వడ్డించు మనిషికని ఒక పంక్తి వ్రాసికొను గృహస్థులు అరుదు. ఇది లోభమువలన జరుగుచున్నదని నేననను. హుండీలో ఐదువందల నోటు వేయుటకు వెనుదీయని చేయియే, హోటలు బల్లమీది సోంపుపళ్ళెములో చిల్లర నాణెములను ఏరుకొనుచుండుట మనమందరము చూచుచునే యున్నాము. ఆ మనిషి మన కంటికి ఆనకపోవుటయే దీనికి కారణము.

నెల్లూరు సీమవారికి ఈ విషయము ఇతరులకంటె బాగుగా తెలిసియుండవలెను. ఉత్తరపు జిల్లాలనుండి తిరుమలకు పోవు యాత్రికుడు కావలి దాటి, పెన్నానది దాటి, నెల్లూరు మీదుగా నాయుడుపేట చేరి అక్కడ శ్రీకాళహస్తి దారి పట్టును. రైలులో వచ్చువాడు గూడూరు కూడలిలో రేణిగుంట మార్గమునకు మరలును. దారినపోవు భక్తునికి అన్నము పెట్టుట ఈ సీమకు తరతరముల వృత్తి. మొలగొలుకుల బియ్యము పండిన నేల యిది. నెల్లూరు మెస్సు అను బోర్డు చెన్నపట్టణమునను, బెంగుళూరునను, భాగ్యనగరమునను కనబడుచుండుట ఈ సీమ వంటకు గల పేరును తెలుపుచున్నది. ఇక స్థానికములైన ఉత్సవములు వేరుగా కలవు. ధనుర్మాసమున ముక్కోటి ఏకాదశికి తల్పగిరి రంగనాథుని దర్శనము, సంక్రాంతి దినములలో పెన్న ఒడ్డున ఏటిపండుగ, వేసవిలో పెంచలకోన నరసింహుని ఉత్సవములు, కార్తికమున మైపాడు సముద్రస్నానము. ఏకాదశినాడు అన్నము ముట్టనివారు కూడ ఫలహారమునకు హోటలుకే పోవుదురు. (ఉప్మా ఫలహారమగునా కాదా యను చర్చను పెద్దలకు విడిచిపెట్టుచున్నాను.)

మనకు పండుగయైన దినము హోటలులో వడ్డించువానికి పనిదినము. అదియు రెండింతల పని. మొదటి బంతి లేవకమునుపే రెండవ బంతివారు కుర్చీల వెనుక వచ్చి నిలబడియుందురు. ఒక చేత సాంబారు బకెట్టు, మరియొక చేత గరిటె. ఏ ముసలమ్మకు కారము పనికిరాదో, ఏ పిల్లవాడు నెయ్యి లేనిదే ముద్ద మింగడో, ఎవరికి మజ్జిగ కావలెనో, ఎవరికి పెరుగు కావలెనో అతడు జ్ఞాపకముంచుకొనవలెను. బస్సు కదలునని తొందరించువారి కేకలను పడవలెను. ఆ సమయమున అతని ఇంటి వాకిట ముగ్గును, గొబ్బెమ్మను చూచుకొనుచున్నవారు భార్యాబిడ్డలు మాత్రమే. ఇటీవలి కాలమున మన పట్టణముల హోటళ్ళలో ఒడిశా, బెంగాలు మొదలగు దూరప్రాంతములనుండి వచ్చిన యువకులు కూడ పనిచేయుచున్నారు. వారి పండుగ ఏనాడో కూడ మనకు తెలియదు.

ఇట్టివానికి బిల్లుపైన మనమిచ్చు పైకము దానమా, ఋణమా? నేను విచారింపదలచినది ఈ యొక్క ప్రశ్ననే. దానమైనచో ఇచ్చినవానికి పుణ్యము. ఇయ్యనివానికి ఆ పుణ్యము లేదు, అంతే. ఋణమైనచో ఇయ్యకపోవుట దోషమగును. రెంటికిని గల భేదము చిన్నది కాదు.

ముందు ఆ పైకమునకు మనము పెట్టుకొన్న పేర్లను చూతము. టిప్పు అనునది పరభాషాపదము. ఇనాము, బక్షీసు అనునవి దొరతనముల కాలపు మాటలు; వానిలో పైనుండి క్రిందికి విసరిన ధ్వని వినబడును. మామూలు అను మాటకు అలవాటుగా వచ్చునది అని మాత్రమే అర్థము. పూర్వము దసరాకు వీధిబడి పిల్లలు విల్లంబులు పట్టుకొని ఇంటింటికి పాడుచు పోగా, గృహస్థులు అయ్యవారికి పైకమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చుచుండిరి. దానిని దసరా మామూలు అనిరి. అది బిచ్చమని గాని, లంచమని గాని ఎవరును తలపలేదు. సంవత్సరమంతయు తమ బిడ్డలకు అక్షరములు దిద్దించినవానికి పండుగనాడు ఊరు తీర్చుకొను బాకీ అది. నేడు ఆ మాట ఎంత పాడైపోయినదనగా, కచేరీలలో బల్లక్రింద చేతులు మారు సొమ్మునకు అదియే పేరైనది.

శ్రీవైష్ణవ గృహములలో దీనికంటె మంచి మాట ఒకటి కలదు. అది సంభావన. సంభావించుట యనగా గౌరవించుట. ఇచ్చు ద్రవ్యమునకు గౌరవమే పేరైనది! తిరుప్పావై రెండవ పాశురమున ఆండాళ్ తల్లి ఇచ్చుటను గూర్చి రెండు మాటలు వాడినది: ఐయము, పిచ్చ. యోగ్యులకు గౌరవముతో నిచ్చునది మొదటిది, యాచించినవారికి పెట్టు భిక్ష రెండవది అని పెద్దలు వివరింతురు. ఇరువదియేడవ పాశురమునకు వచ్చునప్పటికి వ్రతము ఫలించినది. అక్కడ గోపికలు కోరినది సమ్మానము. ఆ దినముననే మన ఆలయములలో కూడారై ఉత్సవము జరిపి, నేయి నిండిన అక్కారవడిసిల్ ఆరగింపు చేయుదురు. నోమంతయు నోచినవారు పండుగ ముగింపున భిక్షను గాక సమ్మానమును కోరిరి. హోటలులో వడ్డించినవాడు యాచకుడు కాడు. అతడు పని చేసినాడు. కావున అతనికి చెందవలసినది పిచ్చ కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. బిల్లు చెల్లించితిమి గదా, పనివానికి జీతమిచ్చు భారము యజమానిది గదా, నడుమ మాకేమి ఋణము అని. ఈ ఆక్షేపణ బలమైనదే. కనీస వేతనముల చట్టము మన దేశమున 1948లోనే వచ్చినది. జీతము ఇయ్యవలసినవాడు యజమానియే యనుటలో సందేహము లేదు. మనమిచ్చు పది రూపాయలను చూచి యజమాని జీతములో పది తగ్గించినచో మనము పనివానికి మేలు చేసినవారము కాము, యజమానికి సొమ్ము మిగిల్చినవారమగుదుము. అమెరికాలో ఇది చట్టమునకే ఎక్కినది. టిప్పులు దొరకు పనివానికి యజమాని తన చేతినుండి ఇయ్యవలసిన కనీసపు కూలి అక్కడి కేంద్రచట్టము ప్రకారము గంటకు 2.13 డాలర్లు. టిప్పులు కలిపినను మామూలు కనీస వేతనమునకు చాలనిచో యజమాని పూరింపవలెనను నియమము కలదు గాని, 1991 నుండి ఆ 2.13 అంకె మారలేదు. అక్కడ స్థిరపడిన మన బిడ్డలు భోజనపు ఖరీదుపై నూటికి పదునైదో ఇరువదియో వేసి ఇచ్చుచుండుట ఔదార్యమువలన కాదు, అది ఇయ్యనిదే పనివాని ఇల్లు గడవదు గనుక. జపాను దేశమున టిప్పు ఇచ్చు ఆచారమే లేదు. ఐనను అక్కడి సేవకు లోకములో పేరు కలదు. కాబట్టి టిప్పు లేనిదే సేవ లేదనుట నిజము కాదు.

ఐనను మన ఋణము పోదు. ఏలయనగా బిల్లులో నున్నవి బియ్యము, కూరలు, అద్దె, మామూలు దినపు కూలి. మన బిడ్డ బల్లపై ఒలకబోసిన పాయసమును విసుగుకొనక తుడిచినది బిల్లులో లేదు. కన్ను కానని తాతగారికి అన్నము కలిపి చేతికందించినది బిల్లులో లేదు. తన పండుగను మానుకొని మన పండుగను జరిపించినది ఎవరి బిల్లులోను లేదు. యజమానికి ఒక బాకీ, మనకు మరియొక బాకీ. ఒకటి తీరినంతమాత్రమున రెండవది తీరదు.

తీర్చు విధమును గూర్చియు విచారింపవలసియున్నది. వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్న నేమి అని మనలో సామెత. నవ్వుచు చెప్పుకొందుము గాని, వడ్డించువానిని మనవానిగా చేసికొని పరులకంటె ఒక గరిటె ఎక్కువ రాబట్టుకొనవలెనను ఆశ అందు దాగియున్నది. కొందరు కూర్చుండగనే ఒక నోటును సర్వరు చేతిలో పెట్టుదురు. అంతట వారి విస్తరిలో నేయి ధారకట్టును, ప్రక్క విస్తరివాడు మజ్జిగకై చేయెత్తి చూచుచుండును. ఒకే బంతిలో కూర్చున్నవారికి హెచ్చుతగ్గులుగా వడ్డించుటను మన పెద్దలు పంక్తిభేదమని నిందించిరి. ముందుగా నోటిచ్చినవాడు ఆ దోషమును తాను చేయక, ఒక పేదవానిచేత చేయించుచున్నాడు. గీతలో భగవానుడు దానమును మూడు విధములుగా విభజించెను. ప్రత్యుపకారమును కోరి ఇచ్చునది రాజసము. అవమానించుచు, చిన్నచూపుతో ఇచ్చునది తామసము. ఇయ్యవలసినది గనుక దేశకాలపాత్రముల నెరిగి ఇచ్చునది సాత్త్వికము. ముందుగా చేతిలో పెట్టినది మొదటిదానికి, పళ్ళెములోనికి విసరిన నాణెము రెండవదానికి చక్కని ఉదాహరణములు. బాకీ ఎప్పుడును పని ముగిసిన పిమ్మటనే తీర్చబడును.

ఇయ్యరాని చోటు కూడ కలదు. తదీయారాధనలో వడ్డించువాడు కైంకర్యపరుడు. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము, 2011 నుండి తరిగొండ వెంగమాంబ పేరిట వెలసిన విశాలమైన భవనములో జరుగుచున్నది. అక్కడ వడ్డించుటకు దూరపు ఊళ్ళనుండి తమ వ్యయముతో వచ్చిన శ్రీవారి సేవకులు నిలుతురు. వారి చేతిలో నోటు పెట్టుట వారి కైంకర్యమునకు వెల కట్టుట. వారికి నమస్కారమే తగినది. కాని ఉచితమైన ప్రతి సేవయు కైంకర్యము కాదు. కొన్నింట పనివాని పొట్టకూడు కూడ ఇమిడియుండును. 2017లో తిరుమల కల్యాణకట్టలో భక్తులయొద్ద పది, ఇరువది రూపాయలు పుచ్చుకొన్నారన్న కారణముచే 243 మంది క్షురకులను తొలగించుట దేశమంతట వార్తయైనది. భక్తుని పీడించి అడుగుట తప్పేయని నా అభిప్రాయము; ఉచితమని బోర్డు పెట్టినచోట చేయి చాచుట దేవాలయమునకు మచ్చ. ఐనను ఆ చేయి ఎందుకు చాచవలసివచ్చినదను ప్రశ్న, అడిగినవానిని తొలగించినంతమాత్రమున తొలగిపోదు. హోటలులోనైనను అంతే. బల్లయొద్ద నిలిచి చేతులు నలుపుకొను సర్వరును చూచి కోపగించుటకు ముందు, అతనిని అట్లు నిలబెట్టిన జీతమెంతయో తలచుకొనవలెను.

ఈ కాలమున వచ్చిన మరియొక చిక్కు ఫోనుతో చెల్లింపు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత జేబులో చిల్లర ఉంచుకొనువారు తగ్గిపోయిరి. బల్లమీది చదరపు గుర్తును ఫోనుతో చూపించిన క్షణములో సొమ్ము యజమాని ఖాతాకు చేరును. సర్వరు చేతికి చేరు దారి మూసుకొనిపోయినది. కొన్ని పెద్ద హోటళ్ళు బిల్లులోనే సేవారుసుము కలుపుట మొదలుపెట్టినవి. దానిని వినియోగదారుని ఇష్టము లేక కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2022 జూలైలో ఆదేశించినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ ఆదేశమును సమర్థించినది. అనగా ఈ బాకీని బలవంతముగా వసూలు చేయు అధికారము ఎవరికిని లేదు. ఇచ్చువాడు తానై తెలిసికొని ఇయ్యవలసినదే. అంతకుముందు 2016లో సుప్రీంకోర్టు మరియొక తీర్పు చెప్పియున్నది. బిల్లుతోపాటు కార్డుద్వారా చేరిన టిప్పులు యజమాని ఇచ్చు జీతము కావనియు, అవి అతిథినుండి పనివానికి చెందవలసినవనియు, నడుమ యజమాని వానిని నమ్మకముతో దాచియుంచువాడు మాత్రమేననియు దాని సారము. ఇది మన పాఠకులకు సులభముగా బోధపడును. ఆలయపు సొమ్మును ధర్మకర్త తనదనుకొనరాదు. గల్లాపెట్టెలో చేరిన టిప్పునకు హోటలు యజమాని ధర్మకర్త.

విరాటపర్వము ఈ సందర్భమున తలపునకు వచ్చుచున్నది. పదుమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానమున, ఈ నెల్లూరిలోనే, తిక్కన సోమయాజి తన భారతరచనను ఆరంభించినది ఆ పర్వముతోనే. చక్రవర్తులు పనివాండ్రుగా బ్రదికిన కథ అది. భీముడు వంటవాడయ్యెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను కాచిరి. ద్రౌపది సైరంధ్రిగా చేరినప్పుడు తాను ఎంగిలి ముట్టననియు, పరుల పాదములు కడుగననియు ముందే మాట తీసికొనెను. పనిలో చేరినను మానమును అమ్ముకొనలేదు. ఆమెయే ఒకనాడు రాజసూయములో అతిథులకు స్వయముగా వడ్డించినదని భాగవతము చెప్పుచున్నది. ఆ యాగముననే శ్రీకృష్ణుడు అతిథుల పాదములు కడుగు పనిని తనకు కోరుకొనెను. వడ్డించునప్పుడు మహారాణి, విరాటుని ఇంట ఊడిగపుమనిషి. చేయి ఒకటియే. సుదేష్ణ ఆమెను మద్యము తెమ్మని కీచకుని ఇంటికి పంపినప్పుడు, పంపబడుచున్నది ఎవరో ఆ రాణికి తెలియదు. ఎదుట నిలిచి మంచినీరు పోయుచున్న యువకుని ఇల్లెట్టిదో, చదువెట్టిదో, ఏ కష్టముచేత ఈ బకెట్టు పట్టినాడో మనకును తెలియదు.

ఆ పర్వముననే అంతగా ఎవరును చెప్పుకొనని చిన్న సంగతి ఒకటి వ్యాసభారతమున కలదు. అజ్ఞాతవాసమున పాండవులు తమకు దొరకినదానిని తమలో తాము పంచుకొనిరి. ధర్మరాజు జూదములో గెలిచిన సొమ్మును, భీముడు వంటశాలలో లభించిన భక్ష్యములను, అర్జునుడు అంతఃపురమువారిచ్చిన పాతబట్టలను, నకులుడు గుఱ్ఱపు పనికి మెచ్చి రాజిచ్చిన ధనమును, సహదేవుడు పాలు పెరుగులను తెచ్చి సోదరులకిచ్చిరి. ఎవరికి దొరకినది వారిదే యనుకొన్నచో రాజుకొలువున కూర్చున్న కంకుభట్టు హాయిగా నుండును, గోశాలలోని సహదేవునికి పాలే మిగులును. హోటలులో ఇదే చిక్కు. బల్లయొద్ద కనబడువాడు సర్వరు. ఎంగిలి విస్తళ్ళు తీసి బల్ల తుడుచు క్లీనరు కుఱ్ఱవాడు, పొయ్యియొద్ద చెమటలు కార్చు వంటవాడు, వెనుక గిన్నెలు తోము స్త్రీ మన కంటబడరు. పండుగ రద్దీలో అందరికంటె నలిగిపోవువారు వారే. అందుచేత గల్లాపెట్టెయొద్ద పనివారందరి పేరిట డబ్బా ఉన్నచోట అందులో వేయుట మేలని నా మతము. అది రాత్రి అందరియెదుట లెక్కించి పంచబడుచున్నదా యని యజమానిని మర్యాదగా అడుగుటలో తప్పు లేదు. డబ్బా లేనిచోట సర్వరుకు ఇచ్చునప్పుడు, బల్ల తుడిచినవానిని పిలిచి అతనికి వేరుగా ఇయ్యవలెను.

ఎంత ఇయ్యవలెనని అడుగువారుందురు. దీనికి ధర్మశాస్త్రమున లెక్క లేదు. బిల్లులో పదింట ఒకపాలు మామూలు దినములలోను, పండుగదినములలో అంతకు కొంత ఎక్కువయు ఇచ్చుట మధ్యతరగతి గృహస్థునకు భారము కాదని నాకు తోచుచున్నది. ఐదుగురు కూర్చుండి ఏడువందల రూపాయల భోజనము చేసినచో డెబ్బది. ఆ మొత్తమును యాత్రకు ముందే చిన్న నోట్లుగా మార్చి వేరొక సంచిలో ఉంచుకొన్నచో, బల్లయొద్ద తడుముకొనుటయు, చిల్లర లేదని తప్పించుకొనుటయు ఉండవు. ఇచ్చునప్పుడు చేతికియ్యవలెను, ఎంగిలి పళ్ళెములో పడవేయరాదు. నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెఱువు నీటిలో నిలిచి ముక్కుమొగము తెలియనివారు ఒకరి చేతికొకరు రొట్టె అందించుకొందురు. ఇచ్చిన చేయి పైన, పుచ్చుకొన్న చేయి క్రింద అను తలపు అక్కడ ఎవరికిని రాదు. మతము వేరైనను ఆ చేతుల తీరు చూడదగినది.

ఇయ్యలేనివారి మాట ఏమి? కాలినడకన కొండకు పోవు ముసలిదంపతులు, కూలి డబ్బు కూడబెట్టుకొని వచ్చిన కుటుంబము, ఒక భోజనమును ఇద్దరు పంచుకొను పేదలు, వీరికి ఈ బాకీ లేదా? కలదు, కాని వారు తీర్చు నాణెము వేరు. భోజనము ముగియగనే అన్నదాతా సుఖీభవ అని దీవించుట మన యాచారము. ఆ దీవెన అన్నము పెట్టించినవానికి చేరును. వడ్డించినవానికొక మాట మిగిలియున్నది. నెల్లూరులో పెద్దవారు లేచి పోవుచు, ఆకు మడిచి, నీవు తింటివా నాయనా అని అడుగుదురు. మూడు గంటలకు చివరి బంతి లేచువరకు సామాన్యముగా ఆ ప్రశ్నకు సమాధానము ఇంకను లేదనియే.